పట్టీ కట్టిన గంట

వైశాఖ శుద్ధ దశమి

మాణిక్యమ్మ గారు ఈ రోజు పడవెక్కారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏడో దిబ్బ పురిటింటికి ఆవిడే పెద్ద. రెండు కళ్ళలోనూ పొరలు ముదిరిపోయాయి. నీళ్ళకి అవతల మెట్ట మీద ఆస్పత్రిలో తీయించుకుని ఇక అక్కడే ఉంటారు.

పొద్దున్న నేను కప్పు మీద సూర్యపలకలకి పట్టిన ఉప్పు తుడిచి, పింగాణీ కత్తెరలు ఉడకేసి, పట్టీలు రెండూ ఎండలో పెట్టి దిగేసరికి ఆవిడ గుమ్మం పక్క పీట మీద కూర్చుని వల అల్లుతున్నారు. కాన్పు జరుగుతున్నంతసేపూ ఆవిడకి అదే చోటు, అదే పని. లోపలికి తొంగి చూసేవారు కాదు. మాలో ఎవరైనా వెళ్ళి "ఏం చెయ్యమంటారు?" అంటే, "నీకేమనిపిస్తోందే?" అని ముందు మమ్మల్నే అడిగేవారు. చెప్పాక లేచి, చేతులు కడుక్కుని వచ్చేవారు.

కాన్పయ్యాక అందరం టీ తాగుతాం. తాగుతూ ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి. ముందు పెద్ద చెప్పాలి. "బిడ్డ వీపు ఎడమవైపు ఉందనుకున్నాను, కాదు" అని ఆవిడే మొదలుపెట్టేవారు. తరవాత నేను, తరవాత బేబీరాణి, చివర సువార్త. మా ఇంట్లో దీన్ని తప్పుల టీ అంటాం.

ఆవిడ దేవతేం కాదు. రక్తం ఎంత పోయిందో కొలవనిచ్చేవారు కాదు. కంటితో చూసి చెప్పేవారు, ఆ కళ్ళు మసకబారాక కూడా. బేబీరాణికి మూడేళ్ళపాటు కష్టమైన కాన్పు ఒక్కటీ ఇవ్వలేదు. ఎందుకో చెప్పలేదు. ఈ రోజు పడవ దగ్గర అది అడిగేసింది.

"నీకు నోరెక్కువే" అన్నారు మాణిక్యమ్మ గారు.

"నోటితో పురుడు పోస్తానేంటత్తా?" అంది బేబీరాణి.

ఇద్దరూ నవ్వారు గానీ అది జవాబు కాదు.

ఈ పుస్తకం నాకు ఇచ్చి వెళ్ళారు. "పట్టీ గంటలు రాస్తుంది, బిడ్డ గుండె రాస్తుంది. మీరు ఏం మాట్లాడుకున్నారో రాయదు. అది నువ్వు రాయి వేణీ" అన్నారు. నాకు రాత బాగా రాదు. అయినా రాస్తాను.

వైశాఖ పౌర్ణమి

కొత్త పెద్ద వచ్చారు. పేరు హైమవతి గారు. మెట్ట మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. చెప్పులు చేత్తో పట్టుకుని పడవ దిగారు. కాళ్ళు కడుక్కోకుండానే ముందు కుండల్లో మంచినీళ్ళు ఎన్నున్నాయో చూశారు. అది నాకు నచ్చింది.

తరవాత పట్టీలు తెమ్మన్నారు. కడుపు మీద కట్టే జానెడు వెడల్పు గుడ్డపట్టీలు అవి. లోపల ఏముందో మాకు తెలియదు. కట్టినప్పటి నుంచి గంటలు లెక్కపెట్టుకుంటూ, బిడ్డ గుండె వింటూ, ఆగమనో పడవ పిలవమనో చెబుతాయి.

"ఎప్పుడు కడతారు?" అని అడిగారు.

"నొప్పులు మొదలవగానేనండి" అన్నాను.

"మంచిది. కట్టిన గంట నుంచే దానికి తెలుస్తుంది. అంతకు ముందు జరిగింది దానికి లేనట్టే."

సాయంత్రానికల్లా గోడకి ఒక బోర్డు తగిలించారు. మా ముగ్గురి పేర్లు రాశారు. పట్టీ లెక్కలో పద్నాలుగు గంటలు దాటినా ఏ నిర్ణయమూ తీసుకోకపోతే ఒక ఎర్ర చుక్క. అవసరం లేకుండా పడవ పిలిస్తే ఒక చుక్క. చేతులు కడగడంలో, కొలవడంలో తప్పు చేస్తే ఒక చుక్క. మూడు చుక్కలైతే ఏడాది పాటు మెట్ట మీద మళ్ళీ శిక్షణ. ఇవి ఆవిడ పెట్టినవి కావు, దిబ్బలన్నిటికీ మెట్ట నుంచి వచ్చినవి. మాణిక్యమ్మ గారు ఆ కాగితాన్ని ఎక్కడో దాచేసి ఉంటారు.

శిక్షణ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. సువార్తకి తొమ్మిది నెలల పాప ఉంది, పాలు తాగుతుంది. సువార్త బోర్డు వంక చూస్తూ చాలాసేపు నిలబడింది.

వైశాఖ బహుళ షష్ఠి

ఆవిడ వచ్చాక రెండో కాన్పు. మగపిల్లాడు. టీ పెట్టాను. హైమవతి గారూ వచ్చి మాతోపాటు కింద కూర్చున్నారు. ముందు పెద్ద చెప్పాలి, ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఆవిడకి మా పద్ధతి చెప్పాను.

"నేనింకా ఏ తప్పూ చెయ్యలేదు కదండీ, వచ్చి వారమేగా" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే.

అప్పుడు సువార్త మొదలెట్టింది. బిడ్డ గుండె తగ్గినట్టు పట్టీ చెబితే, పట్టీ జారిందేమో అనుకుని అరగంట ఊరుకున్నానని చెప్పింది. అంతకు ముందైతే మాణిక్యమ్మ గారు "జారిందో లేదో ఎలా చూడాలి?" అని అడిగేవారు, దాని మీద ఇంకో గ్లాసు టీ అయ్యేది.

హైమవతి గారు లేచి వెళ్ళి సువార్త పేరు ఎదురుగా చుక్క పెట్టారు.

"నేనే చెప్పాను కదండీ" అంది సువార్త.

"చెప్పావు కాబట్టే తెలిసింది. తెలిశాక రాయకపోతే నాది తప్పవుతుంది."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. గ్లాసులు కడిగేశాను.

జ్యేష్ఠ శుద్ధ విదియ

ఆడపిల్ల. టీ పెట్టాను. "ఏమైనా ఉందా?" అని హైమవతి గారు అందరినీ అడిగారు.

"లేదండి" అంది సువార్త.

"లేదండి" అన్నాను.

"టీలో పంచదార తక్కువైందండి, అదే నా తప్పు. చుక్క ఎక్కడ పెడతారు, గ్లాసు మీదా?" అంది బేబీరాణి.

ఆవిడ నవ్వారు. ఆ తరవాత టీకి రావడం మానేశారు. మేమూ ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుని ఎవరి పనిలోకి వాళ్ళం పోతున్నాం.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

నిజం రాయాలి. పని మెరుగుపడింది. రక్తం కొలవడానికి గీతలున్న పళ్ళెం తెప్పించారు. ఈ నెలలో ఇద్దరికి రక్తం ఎక్కువ పోతోందని ముందే తెలిసింది, ఇద్దరూ బాగున్నారు. మాణిక్యమ్మ గారి కంటికి ఆ ఇద్దరిలో ఒకరైనా తప్పిపోయేవారు. కాన్పులు వంతు ప్రకారం ఇస్తున్నారు. బేబీరాణికి మొన్న ఎదురుకాళ్ళ బిడ్డ వచ్చింది. చక్కగా తీసింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మూడేళ్ళు నన్ను బొడ్లు కోయడానికే ఉంచేసిందే ముసల్ది" అని ఏడ్చింది. అది ఏడవగా నేను చూడటం ఇదే మొదటిసారి.

సువార్తకి రెండో చుక్క పడింది. పదిహేను గంటల కాన్పు, తల్లీ బిడ్డా క్షేమం. క్షేమం కదా అన్నాను హైమవతి గారితో.

"ఈసారి క్షేమం" అన్నారు.

ఆషాఢ శుద్ధ చవితి

ఈ రోజు నేను చేసినది రాస్తున్నాను.

అయిదో దిబ్బ నుంచి ఒకామెకి నొప్పులని కబురొచ్చింది. వంతు సువార్తది, తోడు నేను. తెడ్డు పడవలో వెళ్ళాం. నొప్పులు పల్చగా ఉన్నాయి, తొలి కాన్పు, ఎంతసేపు పడుతుందో తెలియదు. సువార్త సంచిలోంచి పట్టీ తీసింది. కట్టకుండా పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడే ఎందుకు? నొప్పులు గట్టిపడ్డాక పురిటింట్లో కడదాంలే" అన్నాను.

"అంటే అక్కా..."

"పట్టీ లెక్క పరిగెత్తకుండా మనమే ఆపుతున్నాం, అంతే. మన చేతులు మన దగ్గరే ఉన్నాయి కదా."

ఆరు గంటలు ఆలస్యంగా కట్టాం. పట్టీ లెక్కలో తొమ్మిది గంటల కాన్పు. చుక్క లేదు. సువార్త దారి పొడుగునా పాటలు పాడుకుంటూ వచ్చింది.

శ్రావణ శుద్ధ దశమి

ఇప్పుడు ముగ్గురం అలాగే కడుతున్నాం. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. బేబీరాణి సంచిలో పట్టీ అడుగున పెట్టి పైన గుడ్డలు సర్దడం చూశాను, నవ్వు వచ్చింది, ఊరుకున్నాను. తల్లులకి కూడా చెబుతున్నాం. మేడం గారు అడిగితే నొప్పులు ఇప్పుడే మొదలయ్యాయని చెప్పమని. వాళ్ళు మా మాట కాదనరు. బిడ్డని తీసే చేతులు కదా.

పట్టీని ఇంటి దగ్గర కట్టకపోవడంతో మరొకటి కూడా జరుగుతోంది. అక్కడ ఏం చూశామో పురిటింట్లో ఒకరికొకరం చెప్పుకోవడం లేదు. చెబితే గంటలు బయటపడతాయి.

బోర్డు మీద కొత్త చుక్క ఒక్కటీ లేదు. ఏడో దిబ్బది సగటున ఎనిమిది గంటల కాన్పని మెట్ట నుంచి హైమవతి గారికి మెప్పు వచ్చింది. ఆవిడ నన్ను పిలిచి ఆ కాగితం చూపించారు. సంతోషంగా ఉన్నారు. వచ్చాక మొదటిసారి సొంత సంగతి ఒకటి చెప్పారు.

"ఇంతకు ముందు నేను పనిచేసిన చోట పెద్దావిడ చాలా మంచిది వేణి గారూ. ఎవర్నీ ఒక్క మాట అనేది కాదు. అందరం అక్కచెల్లెళ్ళలా ఉండేవాళ్ళం. ఒక రోజు ఒకామెకి మాయ పూర్తిగా పడలేదు. ముగ్గురం ఉన్నాం. వాళ్ళు చూసుంటారని నేను, నేను చూసుంటానని వాళ్ళు. చూడాల్సింది నువ్వు అని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నలభై నిమిషాల్లో పోయింది ఆ అమ్మాయి."

ఆవిడ కాగితం మడిచి పెట్టుకున్నారు. ఆ క్షణంలో చెప్పేద్దామనుకున్నాను. సువార్త పేరు పక్కన రెండు చుక్కలు కనబడుతున్నాయి. చెప్పలేదు.

భాద్రపద బహుళ అష్టమి

వరసగా రాస్తాను.

లోవకుమారి మా దిబ్బ పిల్లే. పీతల బోనులేసే ఏడుకొండలు పెళ్ళాం. తొలి కాన్పు. నన్ను పిన్నీ అంటుంది. నిన్న మధ్యాహ్నం రెండింటికి నొప్పులు గట్టిపడ్డాయి. వంతు సువార్తది, తోడు నేను. వాళ్ళింట్లోనే కూర్చున్నాం. ఈ పొద్దున్న ఎనిమిదింటికి పురిటింటికి తెచ్చి పట్టీ కట్టాం. తెచ్చే ముందు, "మేడం గారు అడిగితే పొద్దున్నే మొదలయ్యాయని చెప్పమ్మా" అన్నాను. ఈ మాట నేను ఇప్పటికి పదిమందికి నేర్పాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి లోవకుమారి నాలుక ఎండిపోయింది. నాడి నూట ఇరవై కొడుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా గోడ తన్నుతోంది గానీ తల దిగడం లేదు. వేళ్ళకి బిడ్డ నెత్తిన బొప్పి తగులుతోంది. ఎముకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. మూత్రంలో ఎర్రజీర. ఇరవై మూడు గంటల కాన్పులో ఇవి కనబడితే అర్థమేమిటో కొత్తగా పనిలో చేరిన పిల్లకి కూడా తెలుసు. బిడ్డ గుండె మాత్రం ఇంకా బాగానే ఉంది. పట్టీ చల్లగా చెప్పింది: "అయిదు గంటలు. తొలి కాన్పు. ఆగండి."

ఈ రోజు అష్టమి. అష్టమి పోటు లేస్తుంది గానీ ఎక్కువ లేవదు. మునిగిపోయిన పాత ఊరి వాటర్ ట్యాంకు మా రేవులోంచి కనబడుతుంది. దాని నిచ్చెన మెట్లు అయిదు కనబడేదాకా ఆస్పత్రి పడవ రాగలదు. ఆరో మెట్టు కనబడితే అడుగు ఇసకలో కూరుకుంటుంది. ఈ రోజు అయిదు మెట్లుండేది మూడు గంటలకి, ఓ అరగంట. మెట్ట నుంచి పడవ రావడానికి గంట. అంటే రెండు లోపల పిలవాలి. దాటితే, రాత్రి పోటుకి పడవ నడపరు కాబట్టి, మళ్ళీ రేపు మధ్యాహ్నమే.

ఒంటిగంటన్నరకి సువార్త వెళ్ళి, "మేడం గారూ, పడవ పిలుద్దామండి" అంది.

"అయిదు గంటలకే పడవేంటి? పట్టీ ఏమంటోంది?"

"ఆగమంటోందండి."

"మరి?"

సువార్త నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

హైమవతి గారు తెలివితక్కువ మనిషి కాదు. చేతులు కడుక్కుని వచ్చారు, లోవకుమారి నుదురు తుడిచారు. "అమ్మా, నిజం చెప్పు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?" అని అడిగారు.

"పొద్దున్నేనండి" అంది లోవకుమారి పళ్ళు బిగించుకుని. అని నా వంక చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు.

అప్పుడు గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. నేను నోరు తెరిచింది ఒంటిగంటా యాభై ఒకటికి. ఆ పదకొండు నిమిషాలు సువార్త పాప గురించి ఆలోచించానని రాస్తే సగం నిజమే. నా గురించి కూడా ఆలోచించాను. ఇరవై రెండేళ్ళుగా ఈ పని తప్ప వేరే పని తెలియదు. ఆ పదకొండు నిమిషాల్లో లోవకుమారికి నాలుగు నొప్పులు వచ్చాయి.

"నిన్న మధ్యాహ్నం రెండింటికండి" అన్నాను. "పట్టీ ఆలస్యంగా కట్టాం. ఆ అమ్మాయికి అలా చెప్పమని నేనే చెప్పాను."

హైమవతి గారు వెంటనే వెళ్ళి మెట్టకి మాట కలిపారు. అక్కడ పలికేది మనిషి కాదు, యంత్రం.

"పట్టీ లెక్క ప్రకారం పడవ అవసరం లేదు" అంది.

"లెక్క తప్పు. నా పేరు మీద పంపండి."

"కారణం?"

"దానికి మేం ఆలస్యంగా చెప్పాం."

మేం అన్నారు. నేను విన్నాను.

మూడూ అయిదుకి పడవ వచ్చింది. సరంగు కామేశు ఇంజను ఆపలేదు. అయిదో మెట్టు తడిగా ఉంది, ఆరోది నీళ్ళ కింద మసగ్గా కనబడుతోంది. తలుపు చెక్క మీద లోవకుమారిని దించాం. ఏడుకొండలూ, ఇంకో నలుగురూ నడుం లోతు నీళ్ళలోకి దిగి పడవని తోశారు.

"ఇంకో పావుగంటయితే నేనూ ఇక్కడే పురుడు పోసుకునేవాణ్ణి" అని కామేశు అరిచాడు. ఎవరూ నవ్వలేదు.

సువార్తా, హైమవతి గారూ పడవలో వెళ్ళారు. నేనూ బేబీరాణీ వెనక్కి వచ్చి గది కడిగాం.

భాద్రపద బహుళ ద్వాదశి

వాళ్ళు తిరిగొచ్చారు. గర్భసంచి చిరగడం మొదలైందట. కోసి బిడ్డని తీశారు, సంచి మాత్రం మిగల్లేదు. ఆడపిల్ల. ఏడవడానికి ఏడు నిమిషాలు పట్టింది. దాని బుర్రకి ఏమైనా అయిందో లేదో ఏడాది దాకా చెప్పలేమన్నారు. లోవకుమారి కోలుకుంటోంది.

మధ్యాహ్నం ఏడుకొండలు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా ఆవిడ మీరు చెప్పినట్టే చెప్పిందంటండి. మరి ఇంకేమన్నా తప్పు చేసిందా అని అడుగుతోంది" అన్నాడు.

"లేదయ్యా. తప్పు నాది" అన్నాను. అతనికి అర్థమైందో లేదో తెలియదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హైమవతి గారు నన్ను పిలిచారు. ఆషాఢం నుంచి ఎన్ని కాన్పులు, ఎన్నిటికి పట్టీ వేళకి కట్టామని అడిగారు. ఇరవై ఆరు కాన్పులు, వేళకి కట్టినవి తొమ్మిది. మొదలుపెట్టింది నేనని చెప్పాను.

"నాకు ఎందుకు చెప్పలేదు వేణి గారూ? రోజూ నా ఎదురుగానే ఉన్నారు కదా."

"చెబితే ఏం చేసేవారండి?"

ఆవిడ ఆలోచించారు. "చుక్క పెట్టేదాన్ని" అన్నారు.

ఆవిడ బోర్డు వైపు తిరిగారు.

"ఆ రోజు టీ దగ్గర సువార్తకి పెట్టాను చూశారా, అది తప్పని నాకిప్పటికీ అనిపించడం లేదు. కానీ ఆ తరవాత నాకెవరూ ఏమీ చెప్పలేదు. అది కనబడలేదు నాకు. బోర్డు శుభ్రంగా ఉంది, పని శుభ్రంగా ఉందనుకున్నాను."

మెట్ట వాళ్ళకి ఒక పేరు కావాలి. నాది ఇచ్చాను. ఏడాది పాటు తల్లుల్ని ముట్టుకోకూడదని ఉత్తర్వు. గుడ్డలు ఉడకేసే గదిలో పని. సువార్త కట్టింది నా మాట మీద కాబట్టి దానికి మూడో చుక్క రాయలేదు. అదీగాక రాస్తే కాన్పులు చెయ్యడానికి బేబీరాణి ఒక్కతే మిగులుతుంది. హైమవతి గారు ఈ రెండో కారణాన్ని కూడా దాచకుండా చెప్పారు.

భాద్రపద అమావాస్య

పొద్దున్న అందర్నీ నిలబెట్టి హైమవతి గారు చెప్పారు. "చుక్కలు మెట్టవి, నేను తీసెయ్యలేను. పట్టీ చెప్పింది బోర్డెక్కుతుంది. మీరు నోటితో నాకు చెప్పింది ఎక్కదు. అంతవరకే నా చేతిలో ఉంది."

"ఆయ్, అలాగేనండి" అంది బేబీరాణి.

బయటికొచ్చాక, "నమ్మావా?" అని అడిగాను.

"నా మెళ్ళో గంట కట్టుకున్నానని పిల్లే వచ్చి చెబితే నమ్మొద్దూ?" అంది.

సువార్త నమ్మలేదు. నాకూ నమ్మకం లేదు. నాలుగు నెలలు నోరు మూసుకోవడం అలవాటైనవాళ్ళం, ఒక పొద్దుటి మాటకి ఎలా తెరుస్తాం? మాణిక్యమ్మ గారు ఏనాడూ చెప్పండి అని మాకు చెప్పలేదు. ఆవిడే ముందు చెప్పేవారు. ఇద్దరికీ తేడా ఇదేనని ఉడుకుతున్న గుడ్డలు కలుపుతూ అనుకున్నాను. కానీ అది మొత్తం తేడా కాదు. ఆవిడ దగ్గర మేం తప్పులు చెప్పుకున్నాం, ఒక్కటీ కొలుచుకోలేదు. ఈవిడ దగ్గర అన్నీ కొలుచుకున్నాం.

ఆశ్వయుజ శుద్ధ విదియ

రెండో దిబ్బ నుంచి వచ్చినామెకి ఇది రెండో కాన్పు. సువార్త నిన్న సాయంత్రం నొప్పులు మొదలవగానే పట్టీ కట్టింది. ఈ పొద్దున్న తొమ్మిదికి పదమూడు గంటలు దాటాయి. రెండో కాన్పుకి ఎక్కువే. నా గుడ్డల గదికీ పురిటి గదికీ మధ్య తడికే కాబట్టి అన్నీ వినబడతాయి.

పట్టీ, "ఇంకా వేచి ఉండవచ్చు" అంది. సువార్త చేతులు కడుక్కున్న చప్పుడు రెండుసార్లు వినబడింది. రెండుసార్లు చూసిందన్నమాట. నేను గుడ్డలు కలిపే కర్ర పక్కన పెట్టి నిలబడ్డాను.

"మేడం గారూ" అంది సువార్త. "బిడ్డ ముఖం తల్లి వీపు వైపు తిరక్కుండా పైకి ఉందేమో అనిపిస్తోందండి. గంట కిందటే చూడాల్సింది, చూడలేదు. ఇప్పుడు చూసినా నాకు తెలియడం లేదు."

బోర్డు ఉన్న గోడ వైపు అడుగులేమైనా పడతాయేమోనని విన్నాను. పడలేదు.

"నన్నూ చూడనీ" అన్నారు హైమవతి గారు. కాసేపటికి, "నాకూ తెలియడం లేదు సువార్తా. నిన్న రాత్రి నేనే ఒకసారి చూసి ఉండాల్సింది. నిద్రపోయాను" అన్నారు.

తడిక తెరుచుకుంది. "వేణి గారూ, మీరు ముట్టుకోకూడదు. నిలబడి చూడచ్చు" అన్నారు.

వెళ్ళి నిలబడ్డాను. రెండు నొప్పులు చూశాను. ఆమె నడుం పట్టుకుని మెలితిరుగుతోంది. కడుపు మీద బొడ్డు కింద పల్లం ఉంది. "ముఖం పైకే ఉన్నట్టుంది. బిడ్డ తనే తిరిగి వచ్చేస్తుందో, అలాగే ఇరుక్కుంటుందో చూపుతో చెప్పలేను" అన్నాను.

"అయితే ఇక్కడ ఎవరికీ తెలియదు. పడవ పిలుద్దాం" అన్నారు ఆవిడ.

ఆమెని మోకాళ్ళ మీద వంచి ఉంచమన్నాను. సువార్త అలాగే ఉంచింది. పదికి పది నిమిషాలుందనగా బిడ్డ తిరిగింది. ఆ తరవాత రెండే నొప్పులు. మగపిల్లాడు, పుడుతూనే గుక్కపట్టి ఏడ్చాడు. పళ్ళెంలో రక్తం మొదటి గీత దాటలేదు.

పడవ పది దాటాక వచ్చింది. కామేశు రేవు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చాడు. లోపల బిడ్డ ఏడుపు విని నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఇదేంటండి? పుట్టేశాడుగా. ఎవరు పిలిచారు?"

సువార్త నోరు తెరిచింది. హైమవతి గారు ముందే, "నేను" అన్నారు.

"ఖాళీగా తిప్పాను మేడం గారూ. మెట్ట వాళ్ళు ఊరుకోరు, మీ పేరు మీద రాస్తారు. మళ్ళీ ఇలాగే పిలుస్తారా ఏంటి?"

"తెలియనప్పుడు పిలుస్తాను" అన్నారు.

కామేశు తల గోక్కుని, వచ్చినందుకు ఓ గ్లాసు మంచినీళ్ళయినా ఇవ్వమన్నాడు. బేబీరాణి ఇచ్చింది. పడవ ఖాళీగా వెళ్ళిపోయింది. నా పొయ్యి మీద గుడ్డలు పొంగి నీళ్ళన్నీ బయటికొచ్చేశాయి. వెళ్ళి మళ్ళీ నీళ్ళు పోసి పెట్టాను.